బియ్యం సరిహద్దు దాటాయి, వైద్యం ఎందుకు దాటదు?

జహీరాబాద్ పట్టణ, మండల ప్రజలకూ ప్రజాప్రతినిధులకూ అధికారులకూ విన్నపం.

చెరుకు కొట్టే ముఠాలు, ఇటుక బట్టీల కూలీలు, సెంట్రింగ్ పనివాళ్లు, కార్ఖానాల్లో కాంట్రాక్టు కార్మికులు: వీళ్లలో ఎందరో కర్ణాటక, మహారాష్ట్రల నుంచీ, ఇంకా దూరాన ఒడిశా, బీహార్‌ల నుంచీ వచ్చినవాళ్లు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకున్న 12 పారిశ్రామిక నగరాల్లో మన జహీరాబాద్ ఒకటి. దాంతో 1,74,000 మందికి పని దొరుకుతుందని సర్కారు అంచనా. అంతమంది న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లోనే దొరకరు. కనుక వాళ్లు వచ్చి పడుతున్నారనడం సరికాదు, మనమే రప్పించుకుంటున్నాం. అసలు 1956 దాకా జహీరాబాద్ తాలూకా బీదరు జిల్లాలోనే ఉండేది. చిరాగ్‌పల్లి దగ్గరి కర్ణాటక సరిహద్దు అంత పాతదేమీ కాదు.

ఇలా వచ్చిన మనిషి పరంజా మీంచి పడితే ఏమవుతుంది? ఆరోగ్యశ్రీ కింద తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల దాకా వైద్యం ఉచితం. 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి పెంచారు, మంచి పని. కానీ దానికి ఇక్కడి రేషన్ కార్డు ఆధారం. వలస కూలీ కార్డు సొంతూళ్లో ఉంటుంది. దాన్ని ఇక్కడికి మార్పించుకోవాలంటే అక్కడ పేరు కొట్టేయించుకోవాలి, ఊళ్లో ఉన్న ముసలి తల్లిదండ్రుల కార్డు చిక్కుల్లో పడుతుంది. ఇదే చిక్కు బియ్యానికీ ఉండేది. 2019లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల మధ్య ప్రయోగంగా మొదలైన రేషన్ పోర్టబిలిటీ 2022కల్లా దేశమంతా అమలైంది. ఇప్పుడు బీహార్ కార్డున్నవాడు మన డీలరు దగ్గర వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. అదే వేలిముద్ర ఆసుపత్రి కౌంటరు దగ్గర ఎందుకు పనికిరాదన్నదే మా ప్రశ్న.

ఆయుష్మాన్ భారత్ ఉంది కదా అంటారు. ఉంది. 2021లో తెలంగాణ కూడా అందులో చేరింది. నిబంధనల ప్రకారం వేరే రాష్ట్రపు ఆయుష్మాన్ కార్డుతో ఇక్కడి గుర్తింపు పొందిన ఆసుపత్రిలో 5 లక్షల దాకా వైద్యం పొందవచ్చు, ఖర్చు సొంత రాష్ట్రం భరిస్తుంది. అయితే ఆ జాబితాకు ప్రధాన ఆధారం 2011 నాటి సామాజిక, ఆర్థిక సర్వే. అప్పుడు లెక్కకు రానివాళ్లు చాలామంది బయటే మిగిలారు. పేరున్నవాడికి సైతం ఆ సంగతి తన భాషలో చెప్పే మనిషి కావాలి. ఇక ఈఎస్ఐ అంటారా, పదిమందికి తక్కువున్న చోట అది సాధారణంగా తప్పనిసరి కాదు. చెరుకు ముఠాకు ఈఎస్ఐ కట్టే మేస్త్రీని వెతికినా దొరకడు.

"మన పన్నుల డబ్బు వాళ్లకెందుకు?" అన్నది అసలు అభ్యంతరం. వాళ్లూ పన్ను కడుతున్నారు. జీఎస్టీలో రాష్ట్ర వాటా సరుకు వాడిన రాష్ట్రానికే చేరుతుంది. వాళ్లు ఇక్కడ కొన్న సబ్బు మీద, చెప్పుల మీద పన్ను తెలంగాణకే వస్తోంది. భవన నిర్మాణ ఖర్చులో 1 శాతం కార్మిక సంక్షేమ సెస్సుగా వసూలవుతుంది. ఇటుక మోసినవాడిది ఏ రాష్ట్రమని ఆ సెస్సు అడగదు. వసూలు చేసేటప్పుడు లేని స్థానికత ఖర్చుపెట్టేటప్పుడు మాత్రం ఎక్కడినుంచి వస్తుంది?

వైద్యం కోసమే జనం తరలివస్తారన్న భయాన్ని మాత్రం కొట్టిపారేయలేం. అందుకే ఆరు నెలల నివాసమో, ఇక్కడ 90 రోజుల పనో రుజువుగా అడగమంటున్నాం. నిర్మాణ కార్మికుల నమోదుకు 90 రోజుల నియమం ఇప్పటికే ఉంది. ప్రమాదాలు, కాన్పులు, డయాలసిస్ మాత్రం గడువు చూడకుండా మొదటి రోజు నుంచే వర్తించాలి. ఇలాంటి గడువు అమెరికాలోనూ ఉంది: అక్కడి 1996 చట్టం గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లను కూడా చాలావరకు అయిదేళ్లు మెడికెయిడ్ అనే ప్రభుత్వ వైద్య పథకానికి దూరం పెట్టింది. పిల్లలకూ గర్భిణులకూ ఆ గడువు ఎత్తేసే వీలు 2009లో అక్కడా రాష్ట్రాలకు కల్పించారు. మన పిల్లలు అక్కడ గ్రీన్‌కార్డు కోసం ఏళ్లతరబడి ఎదురుచూస్తుంటే అన్యాయమంటాం, ఇక్కడ అదే పని మనం చేస్తున్నాం.

స్థానికులకే దిక్కులేదనేవాళ్ల మాటలో నిజముంది. కొత్త రేషన్ కార్డులు ఏళ్లతరబడి ఆగిపోయి, 2025లోగానీ మళ్లీ పెద్దఎత్తున రాలేదు. అన్నేళ్లూ కొత్తగా కాపురం పెట్టిన ఇక్కడి జంటలు కూడా సొంత కార్డు లేక ఆరోగ్యశ్రీకి దూరమయ్యాయి. వాళ్ల నోటి దగ్గరిది వలస కూలీ లాక్కోలేదు. వైద్యాన్ని బియ్యం కార్డుకు కట్టేయడమే ఇద్దరినీ బయట నిలబెట్టింది, ఆ ముడి విప్పితే ఇద్దరికీ మేలు.

ఈ-శ్రమ్ కార్డు, కార్మిక శాఖ నమోదు, యజమాని ఇచ్చే ధ్రువపత్రం, వీటిలో ఏ ఒక్కటున్నా ఆరోగ్యశ్రీకి అర్హతగా గుర్తిస్తూ ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి. ఉత్తర్వు వచ్చేలోపు కూడా చేయగలిగింది ఉంది. జహీరాబాద్ ఏరియా ఆసుపత్రిలో హిందీ, కన్నడ, మరాఠీ తెలిసిన ఆరోగ్యమిత్రను కూర్చోబెట్టి, ఇతర రాష్ట్రాల ఆయుష్మాన్ కార్డులు అక్కడే సరిచూడాలి. సంగారెడ్డి కలెక్టరేట్‌లో ప్రతి సోమవారం ప్రజావాణి జరుగుతుంది. ఈ కోరికలు అర్జీగా రాసి, మీ వార్డులోని స్థానికులూ వలస కుటుంబాలూ కలిసి సంతకాలు చేసి, వచ్చే సోమవారం అక్కడ అందజేయండి.