ములుగు భూకంపం: దక్కన్ పీఠభూమి సేఫ్ అనుకుంటున్నారా? గోదావరి లోయ కింద అసలు కథ ఇదే!

2024 డిసెంబర్ 4.. ఉదయం 7:27 గంటలు. ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. హైదరాబాద్, ఖమ్మం, విజయవాడ వరకు ప్రకంపనలు తెలిశాయి. జనం ఇళ్లలోంచి బయటకు పరుగులు తీశారు. హిమాలయాలకు ఇంత దూరంలో భూకంపం ఏంటి?

కారణం గోదావరి లోయ. కోట్ల ఏళ్ల క్రితం ఇక్కడ నేల చీలి, కుంగిపోయింది. ఆ పల్లంలో పూడుకుపోయిన అడవులే నేటి సింగరేణి బొగ్గు. ఆ పాత పగుళ్లు ఇంకా లోపల ఉన్నాయి.

మరోవైపు భారత ఫలకం ఏడాదికి దాదాపు 5 సెంటీమీటర్లు ఉత్తరానికి జరుగుతూ ఆసియాను నెడుతోంది. హిమాలయాలు లేచింది ఈ తోపులాటతోనే. అదే ఒత్తిడి దక్షిణాదికీ పాకుతోంది. పగుళ్ల దగ్గర అది పేరుకుని, రాళ్లు ఒక్కసారిగా జారితే.. భూకంపమే. 1969లో భద్రాచలం దగ్గరా భూమి ఇలాగే ఊగింది.

ములుగులో భూకంప కేంద్రం 40 కిలోమీటర్ల లోతున ఉంది. తీవ్రత కూడా మధ్యస్థమే. అందుకే పెద్ద నష్టం తప్పింది. లాతూర్‌కు ఆ అదృష్టం దక్కలేదు. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున 6.2 తీవ్రతతో వచ్చిన భూకంపంలో దాదాపు 10 వేల మంది చనిపోయారు. అప్పటి మ్యాపుల్లో అది అతి తక్కువ ముప్పున్న జోన్! నిద్రలో ఉన్నవాళ్ల ప్రాణాలు తీసింది మట్టితో పేర్చిన బరువైన రాతి గోడలే.

భూకంపం ఏ రోజు వస్తుందో చెప్పే టెక్నాలజీ ఎక్కడా లేదు. మన చేతిలో ఉన్నది కట్టడమే. ఫ్లాట్ కొనేటప్పుడు టైల్స్, పార్కింగ్ చూస్తాం.. పిల్లర్లు, బీములు భూకంపాన్ని తట్టుకునేలా డిజైన్ చేశారా అని కూడా బిల్డర్‌ను అడగాలి.