బకెట్ అక్కడ పెట్టిందెవరు?

కుటుంబ కష్టాల గురించిన నవల చదివినప్పుడు మనం ఇతివృత్తం గురించే చర్చిస్తాం. శైలి సంగతి విమర్శకులకు వదిలేస్తాం. కానీ ఆ కష్టానికి బాధ్యులెవరో పాఠకురాలికి కనబడేదీ, కనబడకుండా పోయేదీ చాలావరకు శైలిని బట్టే. అమెరికాలో ఎదిగే వయసు పిల్లల కోసం ఇద్దరు రచయిత్రులు రాసిన రెండు నవలలు ఇందుకు ఉదాహరణ.

సింథియా వాయిట్ ‘హోమ్‌కమింగ్’ (1981)లో తల్లి నలుగురు పిల్లల్ని కారులో వదిలి వెళ్ళి తిరిగి రాదు. తండ్రి ఎప్పుడో వెళ్ళిపోయాడు. పదమూడేళ్ళ డైసీ చెల్లెల్నీ ఇద్దరు తమ్ముళ్ళనీ నడిపించుకుంటూ బంధువుల ఇల్లు వెతుక్కుంటూ బయలుదేరుతుంది. రచయిత్రి తొందరపడదు. చేతిలో డబ్బెంత, తిండికెంత, రాత్రి ఎక్కడ పడుకోవాలి అని ప్రతి పూటా లెక్క చెబుతుంది. ఈ లెక్కల వల్లే పెద్దకూతురి చాకిరీ ‘ఓర్పు’ అనే పొగడ్త కింద మరుగున పడదు. పోలీసుల కంటపడితే తమను విడదీస్తారని ఆ పిల్లలు దాక్కుంటారు. ఆదుకోవలసిన వాళ్ళంటేనే పిల్లలకు ఎందుకంత భయం? సంస్థల్లో పనిచేసే మనం ఆలోచించవలసిన ప్రశ్న ఇది.

కరెన్ హెస్ ‘అవుట్ ఆఫ్ ది డస్ట్’ (1997) శైలి పూర్తిగా వేరు. 1930లలో ఓక్లహోమాను ముంచెత్తిన దుమ్ము తుఫానుల మధ్య బిల్లీ జో అనే అమ్మాయి తన కథను చిన్న చిన్న వచన కవితల్లో చెబుతుంది. తండ్రి పొయ్యి పక్కన కిరసనాయిలు బకెట్ పెడతాడు. గర్భవతి అయిన తల్లి అవి నీళ్ళనుకుని కాఫీకి పోస్తుంది. మంట లేస్తుంది. బిల్లీ జో ఆ బకెట్‌ను బయటికి విసిరితే, అప్పుడే లోపలికి వస్తున్న తల్లి మీద పడుతుంది. కాన్పులో తల్లి చనిపోతుంది, బిడ్డా దక్కదు. బకెట్ విసిరింది కూతురేనని ఊరి ఆడవాళ్ళు చెప్పుకుంటారు. దాన్ని అక్కడ పెట్టిన తండ్రి మాట గానీ, భార్య ప్రాణాల మీదికి వస్తే దాచిన డబ్బు తీసుకుపోయి తాగిన సంగతి గానీ ఎవరూ ఎత్తరు. రచయిత్రి ఉపన్యాసమివ్వదు. పొదుపైన ఆ మాటల మధ్య మనమే ఆ ప్రశ్న వేసుకుంటాం. ‘స్టవ్ పేలింది’ అన్న ఒక్క వాక్యం ఎన్ని చావుల్ని కప్పిపెట్టిందో తెలిసిన మనకు ఇది కొత్త కాదు.

అయితే ఈ నవలలో నాకు నచ్చనిదీ ఉంది. చివరికి క్షమించడం కూతురి వంతే అయింది. శైలి చూపించిన నిజాన్ని ముగింపు కొంత మెత్తబరిచింది.

హాస్టళ్ళలో, శిబిరాల్లో ఆడపిల్లల చేత తమ కథలు రాయిస్తున్న మిత్రులకు నా మనవి ఒక్కటే. చదివితే ‘అయ్యో పాపం’ అనిపించే రాతలు అడగవద్దు. వచనమైనా కవితైనా సరే, ఇంట్లో ఏ పని ఎవరు చేశారు, డబ్బు ఎవరి చేతిలో ఉంది, ఆ బకెట్ అక్కడ ఎవరు పెట్టారు అన్నవి రాయమని అడగండి.