గీత మారితే కమాండ్ చెడుతుంది

హైదరాబాద్ శివార్లలోని పేట్ బషీరాబాద్ పక్కనే మైసమ్మగూడ, దూలపల్లి. కాస్త ముందుకు వెళ్తే కండ్లకోయ. ఈ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లో కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలకు కంపైలర్ డిజైన్ ఒక సబ్జెక్టు. పార్సింగ్ టేబుళ్లు వేసి, ల్యాబ్ రికార్డు నింపితే గట్టెక్కొచ్చు. లోకమంతా వాడే కంపైలర్ లోపలికి తొంగిచూడాల్సిన పని పడదు. ఆ లోటు తీరాలంటే ఓపెన్ సోర్స్ కంపైలర్ల డాక్యుమెంటేషన్‌లో చిన్న చిన్న ఫార్మాటింగ్ తప్పులు సరిచేయించడంతో మొదలుపెట్టాలని నా వాదన.

ఇవి కంటికింపు కోసం చేసే మరమ్మతులని కొట్టిపారేయకూడదు. ఎల్ఎల్‌వీఎం సంగతే చూడండి. 2000లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మొదలైన ఈ కంపైలర్ ప్రాజెక్టు మీదే ఇవాళ క్లాంగ్ కంపైలర్, రస్ట్, స్విఫ్ట్ భాషలు ఆధారపడుతున్నాయి. దాని డాక్యుమెంట్లు ఎక్కువగా రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ పద్ధతిలో ఉంటాయి. స్ఫింక్స్ అనే టూల్ వాటిని వెబ్ పేజీలుగా మారుస్తుంది. జాబితాకు ముందు ఒక ఖాళీ లైను వదలకపోతే అంశాలన్నీ పై పేరాలో కలిసిపోతాయి. ఆప్షన్ ముందుండే రెండు హైఫన్లను కోడ్ గుర్తుల మధ్య పెట్టకపోతే, స్ఫింక్స్ మామూలు సెట్టింగుల్లో వాటిని కలిపి ఒకే పొడవాటి గీత చేసేస్తుంది. చదివేవాళ్లకు తేడా కనిపించదు. దాన్ని కాపీ చేసి టెర్మినల్‌లో పెడితే మాత్రం క్లాంగ్ అది ఫైలు పేరనుకుని, అలాంటి ఫైలు లేదంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు తప్పు తమదేననుకుంటారు.

ఇదంతా రెజ్యూమె నింపుకోవడానికేనన్న అభ్యంతరంలో కొంత నిజముంది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు మార్పులు పంపినవాళ్లకు టీషర్టులిచ్చిన అక్టోబర్ నెల కార్యక్రమం, 2020 హాక్టోబర్‌ఫెస్ట్‌లో, బహుమతి కోసం పనికిరాని మార్పులు వెల్లువెత్తి, ప్రాజెక్టులు చూసుకునేవాళ్ల నెత్తిన పడ్డాయి. నెల మొదలైన కొద్దిరోజులకే నిర్వాహకులు నిబంధనలు మార్చాల్సి వచ్చింది. అయితే ప్రాజెక్టులు చూసుకునేవాళ్లను విసిగించినవి అక్కర్లేని మార్పులు. జాబితా చెడిన చోట ఖాళీ లైను పెట్టడం ఆ కోవలోకి రాదు. పంపేముందు విద్యార్థి ఆ డాక్యుమెంటును తన కంప్యూటర్‌లో బిల్డ్ చేసి, పేజీని ముందూ తర్వాతా పోల్చి, అందులోని కమాండ్ నడిపి చూసుకోవాలి. ఏఐ టూళ్లు క్షణంలో చేసే పనికి ఇంత శ్రమ ఎందుకని అడిగేవాళ్లూ ఉన్నారు. మార్పు అవి రాయగలవు, నిజమే. ఆ ఆప్షన్ ఇంకా ఉందో లేదో, ఆ పేరా చెప్పేది సరైనదో కాదో తేల్చుకుని, రివ్యూ చేసేవాళ్లకు జవాబు చెప్పాల్సింది పంపిన మనిషే. కంపైలర్ అసలు చదువు ఆ తేల్చుకోవడంలోనే ఉంది.

ఇది మనకు అందని పనేం కాదు. కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో రూపుదిద్దుకున్న, ప్రోగ్రామ్ కోడ్‌ను మెషిన్ లెర్నింగ్ కోసం అంకెల రూపంలోకి మార్చే ఐఆర్‌టువెక్ 2025లో ఎల్ఎల్‌వీఎం ప్రధాన కోడ్‌లోకే చేరింది. మన కాలేజీలు ల్యాబ్‌లో ఒక్క వారం ఈ పనికి కేటాయించాలి. ఎన్ని మార్పులు పంపారో లెక్కపెట్టకుండా, తప్పు ఎందుకు వచ్చిందో వివరించగలిగినవాళ్లకే మార్కులు వేయాలి.