కుంపటిని గదిలోకి తేవద్దు

ఖానాపూర్: చలికాలం వచ్చిందంటే మన ప్రాంతంలో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగువకు పడిపోవడం మామూలే. బొగ్గుల కుంపటి మనకు కొత్త కాదు. అయితే ఇటీవలి సంవత్సరాలలో దానికి ఇనుప జాలీ, చువ్వలు తోడయ్యాయి. డిసెంబరు 31 రాత్రి డాబాలపైన, పెరళ్లలో నిప్పులపై కోడి మాంసం కాల్చుకునే కుటుంబాలు పెరిగాయి. దీనినే బార్బెక్యూ అంటున్నారు. ఇంటిల్లిపాదీ కూర్చుని తింటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. భయమల్లా విందు ముగిసిన తరువాతనే.

తినడం అయిపోయినా కుంపటిలో నిప్పులు ఎర్రగానే ఉంటాయి. పొగ లేదు గదా అని ముసలివారు, పసిపిల్లలు పడుకున్న గదిలో దానిని పెట్టి తలుపులు బిగిస్తారు. ఇక్కడనే మోసపోతున్నాము. బొగ్గు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ చేరవలసిన చోటును, దానికంటె 200 రెట్లకు పైబడిన పట్టుతో ఇది ఆక్రమిస్తుంది. మొదట తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతులు కనిపిస్తాయి. నిద్రలో ఉన్నవారికి ఆ హెచ్చరిక కూడా అందదు. 2024 జనవరిలో ఢిల్లీలోని ఆలీపూర్ ప్రాంతంలో గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్న ఒకే కుటుంబంలోని నలుగురు తెల్లవారేసరికి శవాలై కనిపించారు. వారిలో ఇద్దరు పిల్లలు.

"మా అవ్వ జీవితమంతా కుంపటి పక్కనే పడుకున్నది, ఏమైంది?" అని అడిగేవారున్నారు. అవ్వ ఉన్నది గూనపెంకుల ఇంట్లో. పెంకుల సందుల నుండి, తలుపుల చీలికల నుండి గాలి ఆడేది. నేటి స్లాబు ఇంట్లో, అద్దాల కిటికీలు మూసిన గదిలో ఆ వీలు లేదు. కిటికీ కొద్దిగా తెరిచినా చాలదు. కుంపటి బయటనే ఉండాలి.

బయట కూడా జాగ్రత్త అవసరమే. మన రైతులు ఏరిన పత్తిని వసారాలలో పోసుకునే కాలం ఇదే. ఒక్క నిప్పురవ్వ చాలు, ఏడాది కష్టం బూడిద కావడానికి. పత్తికి, గడ్డివాముకు, రేకుల పందిరికి దూరంగా ఖాళీ జాగాలోనే కుంపటి పెట్టాలి. నిప్పు రాజుకోలేదని పెట్రోలు పోయడం ప్రాణాంతకం. దాని ఆవిరి ఒక్కసారిగా భగ్గుమంటుంది. బకెట్టు నీళ్లు దగ్గర ఉంచుకోవాలి. బూడిదను నీళ్లు పోసి పూర్తిగా చల్లార్చనిదే చెత్తకుప్పలో వేయరాదు. చేయి కాలితే సిరా, పేస్టు పూయకుండా 20 నిమిషాలు చల్లని నీటిధార కింద ఉంచాలి. కుంపటి గదిలో ఎవరైనా మగతగా కనిపిస్తే వెంటనే బయటి గాలికి తెచ్చి 108కి ఫోను చేయాలి.

ఇవేవీ ఖర్చుతో కూడిన పనులు కావు. బొగ్గులు అమ్మే దుకాణదారులు ఒక్క మాట చెప్పినా మేలే. ఆశా కార్యకర్తలు ఇళ్లకు వెళ్లినప్పుడు, ఉపాధ్యాయులు బడిలో ఈ సంగతి చెప్పవచ్చు. మునిసిపల్ అధికారులు ఏటా చలి ముదరక ముందే వాడవాడలా మైకుల ద్వారా ప్రచారం చేయించవలసిన అవసరం ఎంతైనా ఉన్నది. ప్రాణాలు పోయిన తరువాత చేసే ప్రచారం వల్ల ఆ ఇంటికి ఒరిగేదేమీ లేదు.