లా చదువుకు ప్రాంతపు చదువు తోడు కావలెను

సంపాదకులకు,



మన కుటుంబాలలోని పిల్లలు ఈమధ్య అయిదేండ్ల బి.ఏ., ఎల్‌ఎల్‌.బి. చదువుకు విరివిగా పోతున్నారు. సంతోషింపదగినదే. కాని రాష్ట్రాల ఎల్లలు మారినచోట తరతరాలుగా కాపురమున్న మనవంటివారికి ఆ చదువులో ఒక పెద్ద లోటు కనిపిస్తున్నది. దానిని మీ పత్రిక ద్వారా పాఠకుల దృష్టికి తేదలచినాను.

కిందటి సంవత్సరం మా యానాంలో ఒక ముసలమ్మ పాత దస్తావేజు పట్టుకొని మా ఇంటికి వచ్చినది. “గుమాస్తాగారూ, ఇదేమిటో కాస్త చూసి చెప్పండి” అన్నది. 1952లో ఆమె మామగారు ఇంటిలో పెద్దభాగాన్ని పెద్దకొడుక్కు దానంగా వ్రాసిన పత్రమది. అంతా ఫ్రెంచి. ఆమె భర్త చిన్నకొడుకు. నేను మెట్రిక్ చదివినవాడను. ఉద్యోగంలో ఉండగా ఇటువంటి కాగితాలను వరుసగా సర్ది బీరువాలో పెట్టితినే గాని చదవనేర్చినవాడను కాను. ఆమె మనుమడు లా పట్టభద్రుడు. అతడికీ అక్షరం తెలియలేదు. అయినను, “పిత్రార్జితంలో కొడుకులకు పుట్టుకతోనే హక్కుంటుంది, ఈ దానం చెల్లదు” అని పుస్తకంలో చదివినది చెప్పినాడు. ఆ మాటతో రెండిళ్లవారు పలకరింపులు మానుకున్నారు. కోర్టు ఖర్చులకని ముసలమ్మ మెడలోని గొలుసు కుదువపెట్టినది.

పత్రాన్ని పుదుచ్చేరి పంపి తర్జుమా చేయించేసరికి నాలుగు నెలలయినది. అక్కడి వృద్ధ న్యాయవాది ఒకరు చెప్పినదేమంటే, మనుమడు చదివిన మితాక్షర న్యాయం ప్రక్కనున్న తాళ్ళరేవులో చెల్లుతుంది గాని ఆనాటి యానాంలో చెల్లదట. ఫ్రెంచి న్యాయస్థానాలు అంగీకరించిన హిందూ ఆచారం ప్రకారం తండ్రి బ్రతికి ఉండగా ఆస్తికి తండ్రే పూర్తి యజమాని. కొడుకుకు పుట్టుకతో వచ్చే హక్కు లేదు. హిందూ వారసత్వ చట్టం మాకు వర్తించినది 1963 అక్టోబరు 1 నుండి మాత్రమే. మామగారు కాలంచేసినది 1961లో. కుర్రవాడు తెలివితక్కువవాడు కాడు. అతడికి ఈ సంగతి ఏ తరగతిలోనూ ఎవరూ చెప్పలేదు.

ఒకే గోదావరి నీరు త్రాగే రెండు ఊళ్లకు రెండు న్యాయాలుండుట మా పెద్దలకు క్రొత్త కాదు. 1929 నాటి శారదా చట్టం బ్రిటిషు జిల్లాలలో బాల్యవివాహాలను నిషేధించగా, చుట్టుప్రక్కలవారు పిల్లలను తెచ్చి యానాంలో పెళ్లిళ్లు చేసుకొని పోయేవారు. కల్యాణపురమనే పేరు మా ఊరికి అందువల్లనే వచ్చినది. 1881 నాటి ఫ్రెంచి ఉత్తర్వు ప్రకారం స్వధర్మశాస్త్రాన్ని వదలుకొన్నవారి సంతతికి పుదుచ్చేరి ప్రాంతంలో నేటికీ హిందూ వివాహ చట్టం వర్తించదు.

ఇది యానాం ఒక్కదాని ముచ్చట కాదు. గంజాం, కోరాపుట్ సీమలు 1936లో ఒడిశాలో చేరేవరకు మద్రాసు రాజధానిలోనివే. 1908 నాటి మద్రాసు ఎస్టేటు భూముల చట్టం తెలియనివారికి అక్కడి పాత జమీందారీ రైతుల హక్కులు బోధపడవు. బళ్ళారి 1953లో మైసూరుకు, తిరుత్తణి 1960లో మద్రాసుకు పోయినవి. నాందేడు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోనిది. అక్కడి పాత రికార్డులకు ఉర్దూ రావలెను. ఎల్ల మారినంతమాత్రాన చట్టం మారదని, మార్చేవరకు పాతదే నడుస్తుందని 1956 నాటి రాష్ట్రాల పునర్విభజన చట్టం 119వ సెక్షనులోనే ఉన్నది. భూమి ఒక రాష్ట్రంలో, దాని చట్టం మరొక రాష్ట్రానిది, కాగితం మూడవ భాషలో. ఇదీ మన స్థితి.

అందుచేత నా సూచన ఇది. న్యాయశాస్త్రాన్ని, ప్రాంతీయ అధ్యయనాన్ని కలిపి ఒకే జంటపట్టంగా చదివించవలెను. అమెరికాలో మిచిగన్ విశ్వవిద్యాలయంవారు న్యాయశాస్త్రంతో జపాను, రష్యా వంటి దేశాల అధ్యయనాన్ని జోడించి చదివే ఏర్పాటు చేసినారు. పరదేశపు వ్యవహారాలకే అంత శ్రద్ధ అవసరమైనప్పుడు మన ఇంటి గడపకు అక్కరలేదా?

దీనికై అదనపు సంవత్సరాలు అక్కరలేదు. అయిదేండ్ల చదువులో బి.ఏ. భాగం ఎటూ ఉన్నది. అందులో కొన్ని పేపర్లకు బదులు ఆ ప్రాంతపు పాత దస్తావేజుల భాష, ఎల్లలు మారిన చరిత్ర, భూమి హక్కుల పద్ధతులు పెట్టవచ్చును. ఒక వేసవి సెలవులో రికార్డు రూములో కూర్చోబెట్టవచ్చును. పుదుచ్చేరిలో విశ్వవిద్యాలయమూ, ప్రభుత్వ లా కాలేజీయూ ఉన్నవి. బరంపురంలోనూ విశ్వవిద్యాలయమూ, లా కాలేజీయూ ఉన్నవి. మూడు రాష్ట్రాల కూడలియైన కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వెలసినది. వీరు కలిసి ఆలోచించవలెను.

“మా అబ్బాయి బెంగుళూరులో కంపెనీ ఉద్యోగం చేస్తాడు, వాడికిదెందుకు?” అని కొందరు తల్లిదండ్రులు అడుగవచ్చును. అందరూ చదవనక్కరలేదు. ఏటా పదిమంది చదివినా చాలును. పాత భాషా, పాత న్యాయమూ తెలిసిన వృద్ధ న్యాయవాదులు ఒక్కరొక్కరే దాటిపోతున్నారు. వారుండగానే పిల్లలను వారిదగ్గర కూర్చోబెట్టవలెను.

ముసలమ్మ దావా మానుకొన్నది. గొలుసు మాత్రం ఇంకా తాకట్టులోనే ఉన్నది. విశ్వవిద్యాలయాల అధికారులు ఈ విషయం ఆలోచింతురు గాక. పాఠకులు తమ ఇండ్లలోని పాత కాగితాలను చెదలపాలు చేయక భద్రపరచుకొందురు గాక.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా,
యానాం.