బండి నెత్తు చేయించుటకు ముందు

ఇంటి ఎస్.యు.వి. బండిని ఎత్తు చేయింప దలచినచో స్ప్రింగుల వెల నొక్కదానినే లెక్కింపరాదని మా మనవి. గచ్చు లేపినచో గుమ్మమును, మెట్లును సవరింపక తీరదు గదా! బండి రెండంగుళములు లేచినచో, నాలుగు చక్రములును లాగు బండ్లలో ముందు ఇరుసుల కోణము హెచ్చి కీళ్లు త్వరగా నరుగవచ్చును. బ్రేకు గొట్టములకు పొడవు చాలకపోవచ్చును. చక్రముల అమరిక తప్పి టైర్లు ఒకప్రక్క నరుగును. దీపములను దించి సరిచేయనిచో కాంతి యెదుటివారి కన్నులలో పడును. బరువు పైకి పోవుటచే మలుపులందు బోల్తాపడు భయమును హెచ్చును. ఈ సవరణల వ్యయమును, వృద్ధులు ఎక్కుటకు వలయు మెట్టును ముందే వ్రాసికొనుడు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను బండి మార్పులకు హద్దులు విధించినది. కావున రవాణా కార్యాలయమున ముందుగా విచారింపవలెను. సొమ్ము చాలదేని ఎత్తు తగ్గింపుడు, సవరణలు తగ్గింపకుడు.