బ్లాక్ ట్రాన్స్‌ఫర్ చేశారు సరే, దూకేది ఎక్కడికి?

బెజవాడ చుట్టుపక్కల ఇంజనీరింగ్ వెలగబెట్టిన వాళ్ళకి మైక్రోప్రాసెసర్ ల్యాబు గుర్తుండే ఉంటుంది. 8085 కిట్టు, హెక్సా కీప్యాడు, మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదట్నించీ కొట్టుడు! అక్కడ అందరం చేసిందే బ్లాక్ ట్రాన్స్‌ఫర్. పది బైట్లు ఇక్కణ్ణించి తీసి అక్కడ పెట్టటం, రికార్డు మీద సంతకం, అంతే సంగతులు.

ఆ పది బైట్ల బదులు ప్రోగ్రాం బైట్లనే ఇంకో చోటికి కాపీ చేసి, అక్కణ్ణించి రన్ చెయ్యమని మిమ్మల్నెవరైనా అడిగారా? నన్నైతే అడగలేదు. చేస్తే రన్ అవుతుంది, జవాబూ కరెక్టే వస్తుంది. మోసమంతా అక్కడే ఉంది. 8085 జంపుల్లో ఉండేది పూర్తి అడ్రసు. కాపీలో మొదలైన లూపు మొదటి జేఎన్‌జెడ్ దగ్గరే పాత కోడ్‌లోకి దూకేసి అక్కడ పని కానిస్తుంది. పాత చోట సున్నాలు నింపి చూడండి, బండారం బయటపడుతుంది.

ఇదేదో పరీక్షల గోల అనుకోకండి. కొన్నేళ్ళ క్రితం మా టీం కైకలూరు వైపు రొయ్యల చెరువుల ఏరేటర్లకి కంట్రోలర్ చేసింది. ఫ్లాష్ చెరుపుతూ అదే ఫ్లాష్‌లోంచి కోడ్ నడపటం మా చిప్‌లో కుదరదు. అందుకని చెరిపే ఫంక్షన్ని మెమ్‌కాపీతో ర్యామ్‌లోకి లాగి, పాయింటరుతో పిలిచాం. బ్రహ్మాండంగా నడిచింది. తర్వాతెవరో అందులో ఓ డిలే ఫంక్షన్ని ఇరికించారు. ఆర్మ్‌లో ఆ పిలుపు "ఇక్కణ్ణించి ఇంత దూరం" అని ఉంటుంది. ఇల్లు మారాక కూడా పాత అలవాటున ఎడంపక్క మూడో గుమ్మంలోకి దూరినట్టే. "పనిచేస్తోంది కదా" అని మళ్ళీ టెస్టు చెయ్యలేదు. తెల్లవారుజామున, నీళ్ళలో ఆక్సిజన్ అడుగంటే వేళ (అప్‌డేట్ అప్పుడు పెట్టటం మా ఇంకో తెలివి), బోర్డు బిగుసుకుపోయింది. రైతు లేచి చేత్తో స్విచ్ వేశాడు కాబట్టి రొయ్యలు బతికాయి. ఆ ఫంక్షన్నీ, అది పిలిచేవాటన్నిటినీ లింకర్ స్క్రిప్టులో ర్యామ్ అడ్రసుకే లింక్ చేసి, స్టార్టప్‌లో కాపీ చెయ్యాల్సింది. ఒక్క సాయంత్రం పని!

పీసీల మీద ఇంకో రకం దరిద్రం. మొన్న ఇంటర్వ్యూలో ఒక కుర్రాణ్ణి, లోకల్ అర్రేలో మెషిన్ కోడ్ పెట్టి పిలిస్తే లైనక్స్‌లో ఏమవుతుందని అడిగాను. "సెగ్‌ఫాల్ట్ సార్. ఎగ్జిక్‌స్టాక్ ఫ్లాగు పెడితే పోతుందండీ" అన్నాడు. 1988లో మోరిస్ వర్మ్ వాక్స్ మిషన్లలోకి దూరిన దారుల్లో ఒకటి స్టాక్ మీద కోడ్ నడపటమే. 2003లో ఓపెన్‌బీఎస్‌డీ, 2004లో ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 ఆ తలుపుకి గడియ పెట్టాయి. మనవాడు గడియ పీకేస్తానంటాడు. ఎమ్‌మ్యాప్‌తో పేజీ తీసుకుని, రాసి, ఎమ్‌ప్రొటెక్ట్‌తో రాసే హక్కు తీసేసి, నడిపే హక్కు ఇవ్వచ్చు కదా?

అయినా కుర్రాణ్ణని ఏం లాభం? ఉద్యోగం ఇచ్చాం. మా బిల్డ్ స్క్రిప్టుల్లోంచి ఆ ఫ్లాగు పీకెయ్యటమే అతని మొదటి పని. అవునండీ, మా వాటిల్లోనూ ఉంది.